ఉద్వాసన



నా వెనక తెల్లబోర్డు మీద మధ్యాహ్నం క్లాసులో ఎవరో గీసిన రెండు వృత్తాలు ఇంకా అలాగే ఉన్నాయి. ఎస్‌క్యూఎల్‌లో జాయిన్ అంటే ఏమిటో చెప్పే బొమ్మ అది. చెరుపుదామని డస్టర్ తీస్తే ఇన్‌స్టిట్యూట్ కుర్రాడు “ఏడు గంటల బ్యాచ్‌కి కావాలి సార్, ఉండనీయండి” అన్నాడు. కాబట్టి మనకున్న టైము ఏడు వరకే. అమీర్‌పేటలో ఈ మైత్రీవనం చుట్టుపక్కల డెమో క్లాసుకి గది దొరికినంత సులువుగా స్మారకోపన్యాసానికి దొరకదు. దొరికిన గదిని అప్పగించాల్సిన వేళకి అప్పగించడం మర్యాద.

ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం జరుగుతోందో ఆయన్ని ఇక్కడున్న మనలో ఒక్కరం కూడా పేరు పెట్టి పిలిచిన వాళ్ళం కాదు. సారనే అన్నాం, ఇవాళా అలాగే అంటాను. సనత్‌నగర్ పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీ టైమాఫీసులో ఇరవై ఏళ్ళకు పైగా చేశారు. అది మూతపడే దశలో స్వచ్ఛంద పదవీ విరమణ కాగితాల మీద సంతకం పెట్టి బయటికొచ్చి, పంజగుట్టలో నేను చేరిన సాఫ్ట్‌వేర్ కంపెనీలో పర్సనల్ ఆఫీసరుగా చేరారు. అప్పటికి హెచ్చార్ అనే మాట మా కంపెనీ గడప తొక్కలేదు. 2012లో రిటైరయ్యాక ప్రతి ఆదివారం పొద్దున ఈ కింద సందులో జిరాక్స్ షాపు ముందు స్టూలు వేసుకుని కూర్చునేవారు. ఎవరు ఏ ఆఫర్ లెటర్ తెచ్చినా, ఏ రిలీవింగ్ కాగితం తెచ్చినా కళ్ళజోడు సర్దుకుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి, ఏ పేరాలో మెలిక ఉందో పెన్సిల్‌తో గీత గీసి చూపించేవారు. డబ్బు తీసుకునేవారు కాదు. చాయ్ తాగేవారు. ఆ గీతల వల్ల బాగుపడ్డవాళ్ళు తలా కొంత వేసుకుని పెట్టిన నిధితో జరుగుతున్నది ఈ ఉపన్యాసం.

నేను వక్తను కాను. కోడు రాసి బతికినవాణ్ణి. పంపించివేయబడ్డవాణ్ణి. అంతకుముందు పంపించిన వాళ్ళలోనూ ఉన్నవాణ్ణి. నిర్వాహకులు నన్ను పిలవడానికి ఈ రెండు అర్హతలే కారణమనుకుంటాను.

ఉద్యోగాల కోత వార్తకి మన పత్రికలు పెట్టే శీర్షిక మీకు తెలుసు. ఇన్ని వందల మందికి ఉద్వాసన. రోజూ చూసే మాట కాబట్టి దాని అర్థం అరిగిపోయింది. ఇంట్లో వినాయక చవితి చేసుకునే వాళ్ళు ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. పూజ మొదట్లో ఆవాహన, చివర ఉద్వాసన. పిలిచిన దేవుణ్ణి పంపేముందు నైవేద్యం పెడతాం, హారతిస్తాం, తెలిసీ తెలియక చేసిన లోపాలకు క్షమించమంటాం, మళ్ళీ రమ్మంటాం. అప్పుడు విగ్రహాన్ని రెండు చేతులా పట్టుకుని ఈశాన్యానికి కాస్త జరుపుతాం. జరిపేవాడు ఎదురుగా ఉండాలి, చేతులతో జరపాలి. ఎవరూ లేనప్పుడు విగ్రహం దానంతట అదే లేచి వెళ్ళిపోయిందని చెబితే దాన్ని ఉద్వాసన అనరు, దొంగతనం అంటారు.

ఇవాళ కంపెనీల్లో జరుగుతున్నది ఆ రెండోది. నేను చెప్పదలచుకున్నది ఇంతే, మిగతాదంతా దీనికి వివరం. వ్యాపారం తగ్గినప్పుడు మనుషుల్ని తగ్గించడం ఉంటుంది, అది ఫ్యాక్టరీల కాలంలోనూ ఉంది. కానీ తీసేసిన మనిషి చేతే ‘నేనే వెళ్ళిపోతున్నాను’ అని రాయించుకోవడం ఒక అబద్ధం. ఆ అబద్ధం మీద నడిచే సంస్థకి మంచి సంస్కృతి ఉండడం సాధ్యం కాదు, గోడల మీద ఎన్ని పోస్టర్లు అతికించినా సరే.

నేను 2003లో అమీర్‌పేట వచ్చాను. ఎస్సార్ నగర్ హాస్టల్లో గదికి నలుగురం. మాకు ముందు బ్యాచ్‌ల వాళ్ళు వైటుకే పుణ్యమా అని మెయిన్‌ఫ్రేమ్స్ నేర్చుకుని అమెరికా విమానాలెక్కారు. మా వంతుకి జావా. తర్వాతి వాళ్ళకి టెస్టింగ్ టూల్స్, శాప్, హడూప్, డెవాప్స్, ఇప్పుడు జెన్ ఏఐ. హోర్డింగుల మీద కోర్సు పేర్లు మారాయి, పాంప్లెట్ చేతిలో పెట్టే తీరు మారలేదు. ఈ వీధుల్లో దొరికే చదువంతా లోపలికి ఎలా వెళ్ళాలన్న చదువే. రెజ్యూమె ఎలా రాయాలి, ఇంటర్వ్యూలో ఏం చెప్పాలి, లేని అనుభవం ఉన్నట్టు ఎలా చూపాలి (దాన్ని సమర్థించను, ఇక్కడ దొరకదని బుకాయించనూ లేను). బయటికి పంపిస్తే ఏం అడగాలో చెప్పే కోర్సు అమీర్‌పేటలో ఒక్కటీ లేదు. సారు స్టూలు ఒక్కటే ఉండేది.

2005లో పంజగుట్టలో, నిమ్స్ ఆసుపత్రికి దగ్గర్లో, ఒక నాలుగంతస్తుల బిల్డింగులో ఉన్న కంపెనీలో చేరాను. కంపెనీ పేరు చెప్పను. చెబితే ఇదొక కంపెనీ మీద ఫిర్యాదైపోతుంది, నా ఉద్దేశం అది కాదు. అరవై మందిమి ఉండేవాళ్ళం. జీతం చీటీ మీద యజమాని సంతకం ఉండేది. దసరాకి సర్వర్ రూములో యూపీఎస్‌కి పసుపు రాసి కుంకుమ పెట్టి, దాని ముందు కొబ్బరికాయ కొట్టేవాళ్ళం. నీళ్ళు లోపలికి పోతాయని సిస్టమ్స్ అబ్బాయి మొత్తుకునేవాడు. ఏదో స్వర్ణయుగం అని చెప్పడం లేదు. రాత్రి పదకొండు దాకా ఉంచుకునేవాళ్ళు, ఓవర్‌టైం మాట ఎత్తనిచ్చేవాళ్ళు కాదు. కానీ ఎవరు ఎందుకు తిడుతున్నారో తెలిసేది, తిట్టేవాడి ముఖం కనిపించేది.

2008 చివర్లో అమెరికాలో బ్యాంకులు కూలితే మా ప్రాజెక్టులు రెండు పోయాయి. తొమ్మిది మందిని తీసెయ్యాలన్నారు. సారు తొమ్మిది మందినీ ఒక్కొక్కరుగా తన గదిలో కూర్చోబెట్టుకున్నారు. పక్కన యజమానిని కూడా కూర్చోమన్నారు. ఆయన మొహం చాటెయ్యబోతే సారు అన్న మాట ఆ గది బయట డెస్కులో ఉన్న నేను విన్నాను. “మనిషిని తీసుకునేటప్పుడు పది మంది కూసుని ఇంటర్వ్యూ చేస్తిరి గద. పంపేటప్పుడు ఇద్దరమన్న కూసోవద్దా?” ఆ తొమ్మిది మందికీ ఉత్తరాల్లో స్పష్టంగా రాసి ఇచ్చారు: పని లేనందువల్ల తొలగిస్తున్నాం, మీ తప్పు లేదు, ఒక నెల నోటీసు, సర్వీసుని బట్టి ఇంత పరిహారం. మరుసటి సంవత్సరం పని పెరిగితే అందులో ముగ్గురిని వెనక్కి పిలిచారు. పిలిచిన ముగ్గురూ వచ్చారు.

ఆ రోజుల్లోనే ఈ ఊళ్ళో అందరి కాళ్ళ కింద భూమి కదిలింది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు తన లెక్కలు తప్పుడువని ఉత్తరం రాశారు. పుస్తకాల్లో చూపిన నగదులో 5,040 కోట్లు లేనే లేవు. 1987లో సికింద్రాబాద్‌లో మొదలై యాభై వేలకు పైగా ఉద్యోగులున్నామని చెప్పుకున్న సంస్థ అది. అందులో పనిచేసేవాళ్ళని ఉద్యోగులనేవారు కాదు, అసోసియేట్లనేవారు. మన జిల్లాల్లో పెళ్ళి సంబంధాలు మాట్లాడేటప్పుడు ఆ ఒక్క పేరు చెబితే సరిపోయిన కాలం ఒకటుంది. ఆ వారం మా హాస్టల్ స్నేహితుడొకడు మెడలో ఐడీ కార్డు తీసి జేబులో పెట్టుకుని బస్సెక్కాడు. తప్పు చేసింది పైవాళ్ళు, కార్డు దాచుకున్నది వీడు.

కేంద్ర ప్రభుత్వం బోర్డుని రద్దు చేసి కొత్త బోర్డుని వేసింది. ఏప్రిల్‌లో వేలంలో టెక్ మహీంద్రా గెలిచింది. జూన్‌లో కొత్త యాజమాన్యం ‘వర్చువల్ పూల్’ అని ఒకటి ప్రకటించింది. పనిలేని పదివేల మంది వరకు ఇంటి దగ్గర ఉంటారు, ఆరు నెలల పాటు బేసిక్ జీతం, పీఎఫ్, ఆరోగ్య బీమా ఉంటాయి, అవసరమైతే వెనక్కి పిలుస్తారు, ఈలోగా వేరే ఉద్యోగం చూసుకోవచ్చు. అప్పట్లో దాన్ని అందరం తిట్టాం. ఉద్యోగం ఉన్నట్టా పోయినట్టా తెలియని త్రిశంకు స్వర్గమన్నాం. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే, మునిగిపోయిన ఓడలో కూడా గడువెంతో, డబ్బెంతో, మందులెవరు భరిస్తారో చెప్పారు. లాభాల్లో ఉన్న కంపెనీలు ఇవాళ అదీ చెప్పడం లేదు.

అదే టెక్ మహీంద్రాలో 2017లో ఏం జరిగిందో మీలో చాలామంది ఫోన్లలో విన్నారు. హెచ్చార్ ఉద్యోగిని ఒక ఇంజినీరుతో మాట్లాడిన సంభాషణ రికార్డు బయటికొచ్చింది. రేపు పొద్దున పది గంటల్లోగా రాజీనామా ఇవ్వాలి, లేకపోతే తొలగిస్తాం. ఆమె గొంతులో కోపం లేదు, కరుకుదనం కూడా లేదు. కరెంటు బిల్లు గడువు చెప్పినంత మామూలుగా చెప్పింది. ఆ జూలైలో ఆనంద్ మహీంద్రా స్వయంగా బహిరంగ క్షమాపణ చెప్పారు, సీఈవో గుర్నానీ చెప్పారు. క్షమాపణ చెప్పడం మంచిదే, మిగతా కంపెనీలు అదీ చెయ్యలేదు. కానీ ఆ రికార్డు విన్న వేలమంది అనుకున్నది ఒక్కటే: నాకూ ఇలాగే చెప్పారు, నేను రికార్డు చెయ్యలేదు.

రాజీనామా మీదే అంత పట్టు ఎందుకు? ఇక్కడ సారు పెన్సిల్ గీతలు పనికొస్తాయి, కొంచెం ఓపిక పట్టండి.

1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో 25-ఎఫ్ సెక్షన్ ఏడాది సర్వీసున్న కార్మికుణ్ణి తొలగించాలంటే నెల నోటీసు, ఒక్కో సంవత్సరానికి పదిహేను రోజుల జీతం ఇవ్వమంది. 25-జి మామూలుగా చివర చేరినవాణ్ణి ముందు పంపమంది. 25-హెచ్ మళ్ళీ మనుషులు కావలసినప్పుడు తీసేసినవాళ్ళకే ముందు అవకాశం ఇమ్మంది. ఉద్వాసనలో మళ్ళీ రమ్మనడం ఉందని చెప్పాను కదా, అది పార్లమెంటులో కూడా ఎవరికో తోచింది. అయితే ఈ తొలగింపు అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే ఒక మినహాయింపు ఉండేది: ఉద్యోగి స్వచ్ఛందంగా తప్పుకుంటే అది తొలగింపు కాదు. మెలిక ఇక్కడ. మీరు రాజీనామా రాసిన క్షణంలో ఆ లెక్కన నోటీసు అక్కర్లేదు, పరిహారం అక్కర్లేదు, వెనక్కి పిలవక్కర్లేదు, ప్రభుత్వానికి లెక్క చెప్పక్కర్లేదు. ఆ ఒక్క వాక్యం కోసమే వాళ్ళు మిమ్మల్ని గదిలో కూర్చోబెట్టేది.

సాఫ్ట్‌వేర్ ఇంజినీరు కార్మికుడెలా అవుతాడని అడగొచ్చు. అది కోర్టుల్లో కేసు కేసుకీ తేలుతున్న విషయం. విజిటింగ్ కార్డు మీది హోదాని కాదు, చేసే పని స్వభావాన్ని కోర్టులు చూస్తాయి. కానీ దాని జోలికి పోకముందే మన రాష్ట్రంలో దుకాణాలు, సంస్థల చట్టం ఉంది, 1988 నాటిది. ఆఫీసులకీ వర్తిస్తుంది; ఐటీ సంస్థలకి కొన్ని సెక్షన్ల నుంచి ప్రభుత్వం మినహాయింపులిస్తూ వచ్చింది, మీ కంపెనీ సంగతి చూసుకోవాలి. దాని 47వ సెక్షన్ ఏమంటుందంటే, ఆరు నెలలు నిరంతరంగా పనిచేసిన ఉద్యోగిని సహేతుకమైన కారణం లేకుండా తీసెయ్యాలంటే లిఖితపూర్వకంగా నెల నోటీసు గానీ నెల జీతం గానీ ఇవ్వాలి, ఏడాది దాటితే ప్రతి సంవత్సరానికీ పదిహేను రోజుల సగటు వేతనం పరిహారంగా ఇవ్వాలి. 48 ప్రకారం దాని మీద అప్పీలు చేసుకోవచ్చు. సంస్థ మీద అజమాయిషీ ఉండే పెద్ద మేనేజర్లకు ఇది వర్తించదు. మనలో చాలామందికి మేనేజర్ అనే పేరే తప్ప అజమాయిషీ ఎక్కడిది?

2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్లు అమల్లోకొచ్చాయి. ఫ్యాక్టరీల్లో తొలగింపులకు ప్రభుత్వ అనుమతి కావలసిన పరిమితిని వంద మంది నుంచి మూడు వందలకు పెంచారు. అది యజమానులకిచ్చిన వరం. దానికి బదులన్నట్టు తొలగించిన కార్మికుడికి కొత్త నైపుణ్యాల నిధి కింద పదిహేను రోజుల వేతనం అదనంగా ఇవ్వాలన్నారు. వేతనాల కోడ్‌లో ఉద్యోగం పోయినా, మానేసినా రెండు పనిదినాల్లో బాకీ జీతం చెల్లించాలన్నారు. ఎఫ్ అండ్ ఎఫ్, అంటే చివరి సెటిల్‌మెంట్ కోసం నలభై ఐదు రోజులు మెయిళ్ళు పెట్టి అలిసిన వాళ్ళు ఈ గదిలో ఎందరున్నారో చేతులెత్తమని అడగను, టైము లేదు. కానీ కొత్త నిధి కూడా తొలగింపుకే, రాజీనామాకి లేదు. పాత మెలిక కొత్త ఇంట్లోనూ ఉంది.

ఈ జబ్బు మనదొక్కటే కాదు. ఫ్రాన్స్ టెలికాం అనే సంస్థ 2006 నుంచి 2008 మధ్య ఇరవై రెండు వేల మందిని తగ్గించుకోవాలనుకుంది. అందులో ఎక్కువమంది ప్రభుత్వోద్యోగి హోదా ఉన్నవాళ్ళు, తియ్యడానికి లేదు. కాబట్టి వాళ్ళంతట వాళ్ళే వెళ్ళిపోయేలా చెయ్యాలి. ఊళ్ళు మార్చారు, పనులు మార్చారు, పని లేకుండా కూర్చోబెట్టారు. తలుపులోంచి కాకపోతే కిటికీలోంచైనా పంపిస్తానని పెద్దాయన మేనేజర్ల సమావేశంలో అన్నాడు. ఉద్యోగులు ప్రాణాలు తీసుకున్నారు. 2019 డిసెంబరులో పారిస్ కోర్టు ఆ మాజీ సీఈవో డిడియే లొంబార్‌నీ, తోటి అధికారుల్నీ, సంస్థనీ దోషులన్నది. 2025 జనవరిలో అక్కడి అత్యున్నత న్యాయస్థానం దాన్ని ఖాయం చేసింది. సంస్థ విధానమే వేధింపు కాగలదని ఆ దేశం ఒప్పుకుంది. ఇక్కడ మనం దాన్ని రైట్‌సైజింగ్ అంటున్నాం.

సనత్‌నగర్ సంగతి కూడా చెప్పాలి, లేకపోతే సారు ఊరుకోరు. ఇక్కణ్ణించి మెట్రో ఎక్కి మియాపూర్ వెళ్తే ఆల్విన్ క్రాస్‌రోడ్స్ వస్తుంది. కూకట్‌పల్లి దగ్గర ఆల్విన్ కాలనీ ఉంది. 1942లో సనత్‌నగర్‌లో మొదలైన హైదరాబాద్ ఆల్విన్ ఫ్రిజ్‌లు చేసింది, బస్సులకి బాడీలు కట్టింది, సీకోతో కలిసి వాచీలు చేసింది. అక్కడ కార్మికుడిగా పనిచేసి యూనియన్ నాయకుడైన టంగుటూరి అంజయ్య తర్వాత కార్మిక మంత్రి అయ్యారు, 1980లో ముఖ్యమంత్రి అయ్యారు. నష్టాల్లో పడి 1990లలో ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్ చేతికి పోయింది, వాచీలు ఆగిపోయాయి. కంపెనీ పోయి ముప్పై ఏళ్ళయినా బస్టాపుకి దాని పేరుంది, ఎందుకంటే అక్కడ పనిచేసినవాళ్ళు చుట్టూ ఇళ్ళు కట్టుకుని మేం ఆల్విన్ వాళ్ళం అని చెప్పుకున్నారు. నేను పనిచేసిన కంపెనీ పేరుతో పంజగుట్టలో ఒక పాన్ డబ్బా కూడా లేదు. ఫ్యాక్టరీల్లో ఇచ్చే స్వచ్ఛంద పదవీ విరమణని గోల్డెన్ హ్యాండ్‌షేక్ అని ఆ కాలంలో వెక్కిరించేవాళ్ళం. ఏదైనా అది హ్యాండ్‌షేక్. చెయ్యి పట్టుకోవడానికి అవతల ఒక మనిషి ఉండేవాడు.

మా కంపెనీని 2014లో ఒక పెద్ద సంస్థ కొనుక్కుంది. పది రోజుల్లో గోడల మీద మనమంతా ఒకే కుటుంబం అన్న పోస్టర్లు వెలిశాయి. రిటైరైన సారుకి ఫోన్లో ఫొటో చూపిస్తే, “కుటుంబం అని గోడ మీద రాసుకున్న ఇల్లు ఏడన్న చూసినవా?” అన్నారు. ముందు పోయింది టీ అన్న. అరవై డెస్కుల్లో ఎవరికి చక్కెర తక్కువో తెలిసిన మనిషి. ఆయన స్థానంలో కార్డు గీకితే కాఫీ పోసే మిషను వచ్చింది. ఆయన కాంట్రాక్టు ఏజెన్సీ మనిషి కాబట్టి మాకెవరికీ మెయిల్ రాలేదు, మేమెవరం అడగలేదు. సంస్కృతి దిగజారడం ఎప్పుడు మొదలైందని నన్నడిగితే ఆ రోజే అంటాను. దిగజార్చింది కొత్త యాజమాన్యం ఒక్కటే కాదు, అడగని మేం కూడా.

తర్వాత ఆల్ హ్యాండ్స్ మీటింగుల్లో ప్రశ్నలు ముందే రాసి పంపమన్నారు. మనిషి అనే మాట పోయి రిసోర్స్ వచ్చింది. ఆ పైన రేటింగులకి బెల్ కర్వ్. టీములో అందరూ బాగా చేసినా ఇద్దరిని అట్టడుగున పెట్టాలి, గీత అలా వంగాలి కాబట్టి. నేనప్పుడు టీమ్ లీడ్‌ని. పేర్లు పంపమన్నారు. ఒకతను సిద్దిపేట కుర్రాడు, పని నిదానం, తప్పు మాత్రం చెయ్యడు. ఇంకొకామె ప్రసూతి సెలవు నుంచి వచ్చి మూడు నెలలు. ఎక్సెల్ షీటులో ఆ ఇద్దరి పేర్లూ నా చేత్తో టైపు చేశాను. ఎందుకు పనికొస్తుందో తెలియదని నాకు నేను చెప్పుకున్నాను. తెలుసు. ఆరు వారాల తర్వాత ఇద్దరూ ‘వ్యక్తిగత కారణాల వల్ల’ రాజీనామా చేశారని మెయిల్ వచ్చింది. ఆ కారణాలు నేను రాసినవి. ఆమె వెళ్ళేటప్పుడు నా డెస్కు దగ్గరికొచ్చి పాప ఫొటో చూపించింది. ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

2023లో నా వంతు. ఆ సంవత్సరం మొదట్లోనే గూగుల్ పన్నెండు వేలు, మైక్రోసాఫ్ట్ పదివేలు, అమెజాన్ పద్దెనిమిది వేలు అని ప్రకటించాయి. అమెరికాలో మన పిల్లలకి హెచ్‌వన్ వీసా గడువు అరవై రోజులు. ఇక్కడ మాకు అరవై నిమిషాలు కూడా లేవు. నేను మానేస్తానంటే తొంభై రోజుల నోటీసు ఇవ్వాలని నా కాగితంలో ఉంది. వాళ్ళు నాకిచ్చినది పదకొండు నిమిషాల వీడియో కాల్. హెచ్చార్ అమ్మాయి మాట్లాడింది అదే బిల్డింగులో పై అంతస్తు నుంచి. ఆమె వెనక కిటికీలో కనిపించిన పంజగుట్ట ఫ్లైఓవరే నా కిటికీలోంచీ కనిపిస్తోంది. ఒకే ట్రాఫిక్ జామ్‌ని ఇద్దరం చూస్తున్నాం. “మీకు రెండు ఆప్షన్లున్నాయి సార్” అంది. రిజైన్ చేస్తే రెండు నెలల బేసిక్, అనుభవ పత్రం. చెయ్యకపోతే టెర్మినేషన్, రేపు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ఇబ్బంది. పద్దెనిమిదేళ్ళ సర్వీసు. 47వ సెక్షన్ లెక్కన పద్దెనిమిది అర్ధ మాసాలు, అంటే తొమ్మిది నెలల జీతం. సారు పక్కన ఏళ్ళ తరబడి ఆదివారాలు కూర్చున్నవాణ్ణి, ఈ లెక్క నాకు నోటికి వచ్చు. అయినా భయపడి సంతకం పెట్టాను. తెలియక మోసపోయేవాళ్ళ మీద జాలి పడకండి, తెలిసి కూడా సంతకం పెట్టించే భయం ఒకటుంది.

లిఫ్టు దిగేలోగా కార్డు పనిచెయ్యడం మానేసింది. ఎర్రలైటు. బ్యాగు పైనే ఉంది. పన్నెండేళ్ళుగా రోజూ నమస్తే పెట్టే సెక్యూరిటీ అన్న తలదించుకుని పైకెళ్ళి బ్యాగు తెచ్చిచ్చాడు. ఫ్రిజ్‌లో నా టిఫిన్ డబ్బా సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు. వారం తర్వాత ఫోన్ చేసి పంజగుట్ట బస్టాపుకి రమ్మన్నాడు. ప్లాస్టిక్ కవర్లో డబ్బా. కడిగి, తుడిచి, మూత పెట్టి తెచ్చాడు. “పప్పు పాడైంది సార్, పారబోసిన” అన్నాడు, అదేదో తన తప్పైనట్టు. ఆయనా ఏజెన్సీ మనిషే. పద్దెనిమిదేళ్ళకు ఆ సంస్థ నుంచి నాకు దక్కిన వీడ్కోలు అదొక్కటే.

ఇంకొకటి చెప్పి ముగింపుకి వస్తాను. జీతం పోయిన సంగతి నెలాఖరుకి తెలుస్తుంది. ఇన్సూరెన్స్ పోయిన సంగతి ఆ రాత్రే తెలుస్తుంది. నాతోపాటు అదే రోజు పోయిన మిత్రుడి తండ్రికి వారానికి రెండుసార్లు డయాలిసిస్. కంపెనీ పాలసీలో తల్లిదండ్రులున్నారు, చివరి పనిదినంతో పాలసీ సరి. అతను ఆ సాయంత్రం నిమ్స్ ముందు ఫుట్‌పాత్ మీద పేషెంట్ల బంధువులు దుప్పట్లు పరుచుకునే చోట నిలబడి నాకు ఫోన్ చేశాడు. పదిహేనేళ్ళు ఆఫీసుకి వెళ్తూ వస్తూ రోజూ చూసిన ఫుట్‌పాత్ అది. “ఇన్నాళ్ళూ వీళ్ళని దాటుకుని పోయాం కదరా” అన్నాడు. రాజీనామా కాబట్టి గడువు లేదు. వర్చువల్ పూల్‌లో ఆరు నెలల బీమా ఇచ్చారని ఇందాక ఎందుకు చెప్పానో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

నేను మళ్ళీ అమీర్‌పేట వచ్చాను. నలభై రెండేళ్ళ వయసులో క్లౌడ్ కోర్సు. నా పక్కన కూర్చున్న కుర్రాడు నన్ను ఫ్యాకల్టీ అనుకుని లేచి నిలబడ్డాడు. ఇప్పుడీ క్లాసుల్లో నాలాంటి నెరిసిన తలలు పెరుగుతున్నాయి. మా రోజుల్లో సినిమా చూసిన సత్యం థియేటర్ పోయింది, అక్కడ మల్టీప్లెక్స్ వెలిసింది. మెట్రో లైన్లు రెండు ఇక్కడ కలుస్తాయి. 2025 జూలైలో ప్రభుత్వోద్యోగంలా భద్రమని మన ఇళ్ళలో నమ్మిన టీసీఎస్ కూడా తన మనుషుల్లో రెండు శాతం, దాదాపు పన్నెండు వేల మందిని తగ్గిస్తానంది. ఆ వారం సందులో జిరాక్స్ షాపు ముందు సారు స్టూలు కోసం చాలామంది వెతికారని షాపతను చెప్పాడు. సారు పోయి అప్పటికి ఏడాది.

కంపెనీల పెద్దలు ఈ సభలో ఇద్దరు ముగ్గురున్నారు. వాళ్ళకి నా మనవి: తియ్యాల్సి వస్తే తియ్యండి, కానీ తీశామని రాసివ్వండి, రాసిన కాగితం మీద ఒక మనిషి సంతకం ఉండాలి, ఆ మనిషి ఎదురుగా కూర్చోవాలి. మిగతా మీ అందరికీ: రాజీనామా మీద అక్కడికక్కడే సంతకం పెట్టకండి. ఒక్క రాత్రి టైము అడగండి. తొలగిస్తున్నామని కాగితం ఇమ్మనండి. ఇవ్వకపోతే, మీరు అడిగినట్టు అదే రోజు మీ సొంత మెయిల్ నుంచి వాళ్ళకి రాసి పెట్టుకోండి.

47, 48 సెక్షన్లు తెలుగులో ఒక్క పేజీకి టైపు చేయించి కింద జిరాక్స్ షాపులో ఉంచాను. జావా మెటీరియల్ పక్కనే ఉంటుంది. కాపీ రెండు రూపాయలు. ఏడవుతోంది, బ్యాచ్ వాళ్ళు బయట నిలబడ్డారు. వెళ్ళేటప్పుడు తలా ఒకటి తీసుకెళ్ళండి. బోర్డు మీద బొమ్మ చెరపకండి.